ఎదురడగని మిషన్

"మన కంపెనీల బాసు అనేటోడు ఉండొద్దు" అన్నాడు నర్సింలు, నా వైపు చూడకుండానే చాయ్ గ్లాసు కోసం చెయ్యి చాపి. గ్లాసు అతని చేతిలో పెట్టాను.

"సార్ అనుడు, మేడం అనుడు బంద్. అందరు అందర్ని పేరు పెట్టే పిలవాలె. గదీ వర్క్ కల్చర్ అంటె."

అతని పార్ట్‌నర్ డేవిడ్ తలూపి, ఇంటర్నెట్‌లోంచి ప్రింటు తీసిన కాగితాల మీద ఆ మాట కింద గీత గీశాడు. తర్వాత నాతో, "వదినా, జర చక్కెర తక్కువైంది" అన్నాడు.

పెళ్లయి పదమూడేళ్లు. నా మొగుడు నర్సింలు ఒక్కసారైనా నన్ను వినోదా అని పిలిచింది లేదు. ఓయ్, ఏయ్, గిటు రా. బయటివాళ్లతో చెప్పాలంటే 'మా ఇంటిది'. దగ్గరివాళ్లతో అయితే వట్టి 'అది'. పేరు పెట్టి పిలుచుకునే కంపెనీ పెడుతున్నారు కదా, నా వంతు ఎప్పుడొస్తుందో చూద్దాం అనుకుంటూ చక్కెర డబ్బా తేవడానికి లేచాను.

ఇది రెండువేల ఏడు నాటి మాట. ఆర్మూర్‌లో పెర్కిట్ రోడ్డు మీద మాకొక షట్టర్ ఉండేది. మొదట ఎస్టీడీ బూత్. ప్రతి మనిషి జేబులోకీ సెల్‌ఫోన్ వచ్చి బూత్ పడిపోయాక, నర్సింలు నాలుగు కంప్యూటర్లు తెచ్చి ఇంటర్నెట్ సెంటర్ అని బోర్డు మార్చాడు. ఇప్పుడక్కడ చెప్పుల దుకాణం. కంపెనీ నిలవలేదు. నా వల్లే నిలవలేదని మా అత్త నీలవ్వ పోయేదాకా అంటూనే ఉంది. అయినా ఆ దుకాణం ముందు నుంచి నడిచినప్పుడల్లా, వేడెక్కిన కంప్యూటర్ల వాసన, రోడ్డు మీద పోయే ట్రాక్టర్ల నుంచి ఎగిరే ఎండు పసుపు దుమ్ము వాసన కలిసి ముక్కుకు తగిలినట్టే ఉంటుంది. ఊరికే పని చేయించుకున్న చోటు మీద కూడా మనిషికి ప్రేమ ఉంటుందా? ఉంటుంది. సిగ్గులేని ప్రేమ.

సైట్ డేవిడ్ తయారు చేశాడు. పేరు 'పసుపు మందల'. ఏం మందల అంటే మా వైపు ఏం సంగతి అని. పసుపు వేసేవాళ్లెవరైనా అందులో ప్రశ్న పెట్టొచ్చు. జవాబు చెప్పే పెద్దమనిషికి 'పసుపన్న' అని పేరు పెట్టారు. మొదటి వారం నర్సింలే పసుపన్న. తాతల నాటి నుంచి కిరాణం చేసుకున్న ఇల్లు. పసుపును పొట్లంలో తప్ప భూమిలో చూసినవాడు కాదు. మూడో ప్రశ్నకే విసుగొచ్చింది. "ఓయ్, నీకు టైపింగ్ వచ్చు గద. నువ్వు కొట్టు" అని లేచిపోయాడు. మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు.

నాది నందిపేట్ దిక్కు. ఇంటర్ మధ్యలో మాన్పించి, పెళ్లి కుదిరేదాకా ఇంట్లో ఊరికే ఎందుకని టైపింగ్‌కు పంపారు. అంతకు ముందంతా మా అమ్మ వెంట, ఆమె కౌలుకు చేసే పసుపు చేలోనే. ఆకు తిప్పి వెనక చూడటం, ఉడికిన కొమ్ములో పుల్ల గుచ్చి చూడటం, విత్తనం గోరుతో గిల్లి చూడటం నాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అవి తెలుసని కూడా నాకు తెలియదు. ఎవరో అడిగితే కదా తెలిసేది!

ఇంట్లో వంట ముగించి, అత్తకు కాళ్లకు నూనె రాసి, పదింటికి షట్టర్ ఎత్తేదాన్ని. "కూసున్నకాడ పనేం పని? చేతి ఏళ్లు అరుగుతయా?" అనేది నీలవ్వ. అరగవు. మా అత్త మాట అబద్ధం కాదు. కానీ ఆ కుర్చీలో కూర్చోగానే ఎక్కడెక్కడి మనుషులో వచ్చి నా చుట్టూ చేరేవాళ్లు. అందరం ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు కొట్టుకునేవాళ్లం. బాల్కొండ నుంచి ఒకాయన ఆకుమచ్చకు మందు అడిగేవాడు. దుబాయ్ క్యాంపులో పన్నెండు మంది ఒక్క గదిలో ఉండే మనిషి ఏమీ అడగడు. "అన్నా, ఇయ్యాల ఆర్మూర్ల వాన పడ్డదా" అంటాడు అంతే. సిద్ధుల గుట్ట మీద మబ్బు ఎలా పట్టిందో, ఏ వాగు పారుతోందో రాసేదాన్ని. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఒకసారి ఆ ఆవిరి వాసన గురించి నాలుగు ముక్కలు రాస్తే, అరవై మంది జవాబు రాశారు. ఒకతను, "అన్నా, నువ్వు మా అమ్మ చెప్పినట్టే చెప్తవ్" అన్నాడు. ఆ రోజు కూర మాడింది, తిట్లు పడ్డాయి. ఒక్కటీ చెవికెక్కలేదు.

అన్నా అన్నా అని పిలిపించుకుంటూ మోసం చేశావు కదా అంటారేమో. నేను ఒక్క అబద్ధం రాయలేదు. మన భాషలో 'నేను' అనే మాటకు ఆడా మగా లేదు. వచ్చిన, చూసిన, చెప్తున్న... ఎవరైనా అనొచ్చు. పక్కవాడు మన గురించి చెప్పినప్పుడే వస్తుంది తంటా. వాడైతే వచ్చిండు. నేనైతే వచ్చింది. బర్రె వచ్చింది, బస్సు వచ్చింది, కరెంటు వచ్చింది, వినోద వచ్చింది.

ఆ తంటా నిజంగానే వచ్చిపడింది.

సైట్‌లో మెంబర్లు నాలుగు వేలు దాటాక హైదరాబాద్ నుంచి ఒక సారు వచ్చాడు. ఇలాంటి చిన్న కంపెనీలలో డబ్బు పెట్టే మనిషి. ప్లాస్టిక్ కుర్చీలో రుమాలు పరుచుకుని కూర్చున్నాడు. "రోజుకు వంద ప్రశ్నలకు జవాబిస్తున్నారు. ఎవరు చూస్తున్నారు ఇదంతా?" అన్నాడు.

నర్సింలు గొప్పగా, "అదే చూసుకుంటది సార్. పొద్దున మొదలువెడితే దీపాలు పెట్టేదాంక ఆగది" అన్నాడు.

"అలసిపోదా?"

"ఏం అలుపు సార్ దానికి? జీతం లేదు, సెలవు లేదు."

సారు ముందుకు వంగాడు. "అద్భుతం! సాఫ్ట్‌వేర్ ఎవరు చేశారు? బయట కొన్నారా?"

పళ్లెంలో చాయ్ గ్లాసులతో నేను అక్కడే నిలబడి ఉన్నాను. డేవిడ్ నా ముఖం చూసి తల దించుకున్నాడు. నర్సింలు గొంతు సవరించుకుని, "లేదు సార్. ఇంట్లనే చేసుకున్నం" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నిజం చెబుతున్నాను, ముందు నవ్వే వచ్చింది. వెనక్కి వెళ్లి గ్లాసులు కడుగుతూ నోట్లో కొంగు కుక్కుకున్నాను. కడగడం అయ్యేసరికి నవ్వు ఎటు పోయిందో పోయింది.

దసరా ముందు లాంచ్ పెట్టుకున్నారు. రోడ్డుకు అవతల ఫంక్షన్ హాలు. రైతులను పిలిచి, వాళ్ల ప్రశ్నలు డేవిడ్ కంప్యూటర్లో కొడితే, జవాబులు పెద్ద తెర మీద పడాలి. మా షట్టర్ నుంచి హాలు దాకా స్తంభాల మీదుగా వైరు లాగారు. ఇటు చివర నేను.

"ఒక్క గంట మిషన్ లెక్క ఉండు" అన్నాడు నర్సింలు. "పైసలు వచ్చినయనుకో, డేవిడ్ అసలు మిషన్ తయారు చేస్తడు. ఆఫీసు హైదరాబాద్‌ల. నీకిగ ఫికరే లేదు, ఇంట్ల ఆరామ్‌గ ఉండు. పాస్‌వర్డ్ ఒక్కటి గీ కాయితం మీద రాసియ్యి."

రాసిచ్చాను. ఇంట్లో ఆరామ్‌గా ఉండటమంటే ఏమిటో నాకు పదమూడేళ్లుగా తెలుసు. ఆ కుర్చీ పోతే, కూరలో ఉప్పేశావా అని తప్ప నన్ను ఏదైనా అడిగే మనిషి ఈ లోకంలో ఉండడు. అది తెలిసే రాసిచ్చాను. కోపం కూడా అలవాటు ఉంటేనే వస్తుంది.

లాంచ్ రోజు మొదటి ప్రశ్న, పసుపు ఎంతసేపు ఉడకబెట్టాలని. కొట్టాను. రోడ్డు అవతలి నుంచి చప్పట్లు వినిపించాయి. రెండోది, వచ్చే ఏడు పసుపులో మక్కజొన్న అంతరపంటగా వెయ్యొచ్చా అని. మళ్లీ చప్పట్లు. మిషన్‌కు.

మూడోది వచ్చింది. డేవిడ్ కొట్టాడు: 'ఎస్తేరమ్మ, భీమ్‌గల్ దిక్కు. ఎకరం కౌలు. నాలుగు నెలల పసుపు, ఆకు పచ్చవడుతుంది. దుబాయ్‌ల ఉన్న తమ్ముడు పసుపన్నను అడగమన్నడంట.'

వేళ్లు ఆగిపోయాయి. ఆకు పసుపురంగుకు తిరిగి పచ్చబడితే రెండు దారులు. భూమిలో ఇనుము తక్కువైతే అన్నభేది కొడితే చాలు, పది రోజుల్లో తేరుకుంటుంది. లోపల దుంప కుళ్లుతుంటే మాత్రం ముందు నీళ్లు తియ్యాలి, మందు మొక్క మొదలు దగ్గర పొయ్యాలి. ఇది అనుకుని అది చెబితే, అన్నభేది కొట్టుకుంటూ కూర్చున్న పది రోజుల్లో ఎకరం కుళ్లిపోతుంది. తెర మీద ఆకు కనబడదు. వాసన రాదు.

'మొక్క పీకి చూసిండ్రా? దుంప మెత్తగుందా?' అని కొట్టాను.

వెంటనే టేబుల్ మీది ఫోన్ మోగింది. నర్సింలు. గొంతు పళ్ల మధ్య నుంచి వస్తోంది. "ఏం చేస్తున్నవ్? మిషన్ ఎదురు ప్రశ్నలేస్తదా? అన్నభేది అని కొట్టు."

"దుంప చూడంది ఎట్ల చెప్తం? కుళ్లు తెగులైతే?"

"అయితే అయింది! ఒక్కదాని ఎకరం పోతే ఏమైతది? ఇక్కడ సారు చూస్తున్నడు. కొట్టు!"

"ఆమె చేతుల మొక్క ఉందా?"

"ఉంది, వేర్లతోని సంచిల పట్టుకొచ్చింది. గది నీకెందుకు? నువ్వు..."

ఫోన్ పెట్టేశాను. పదమూడేళ్లలో అతని మాట మధ్యలో ఉండగా నేను ఫోన్ పెట్టేయడం అదే మొదలు. పెద్ద ధైర్యమేమీ కాదు. నాలుగు వేల మంది అన్నా అని పిలిచిన మనిషిని నేను. ఒక ఆడమనిషి మొక్కను వేర్లతో సహా మోసుకుని, బస్సెక్కి, నా దగ్గరికి వచ్చింది. నా దగ్గరికే. ఎకరం పోతే ఏమవుతుందో కౌలుకు చేసుకున్న మనిషికి తెలుసు, ఆ మనిషి వెంట చేలో తిరిగిన పిల్లకు తెలుసు.

కొట్టాను: 'చూడంది చెప్పను. మొక్క పట్టుకొని ఆడనే ఉండుండ్రి. వస్తున్న.'

పంపించి, చెప్పులేసుకున్నాను.

హాల్లో ఏం జరిగిందో డేవిడ్ తర్వాత చెప్పాడు. ఆ ముక్క తెర మీద పడగానే చప్పట్లు లేవట. హైదరాబాద్ సారు కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివి, నర్సింలు వైపు తిరిగి అడిగాడట.

"ఎవరు వస్తున్నారు?"

అప్పటికి నేను సగం రోడ్డు దాటాను.