ముసలి ఒంటె పండుకుందా, సచ్చిందా

యాదగిరికి నలభై దాటాయి. ఇద్దరు బిడ్డల పెళ్లిళ్లు చేశాడు. అయినా బొమ్మల సినిమాలంటే పడి చస్తాడు. ఈ సంగతి సిరిసిల్లలో అతని భార్య బాలమణికి తప్ప పిట్టకు కూడా తెలియదు. తెలిస్తే నలుగురూ నవ్వుతారని అతని భయం. ఆ భయంలో తప్పేమీ లేదు, నవ్వే వాళ్లకు మన దగ్గర ఎన్నడూ కరువు లేదు.

అతని పిచ్చికి కారణం సాంచాలు. పన్నెండు గంటలు ఆ మరమగ్గాల నడుమ నిలబడి ఇంటికొచ్చిన మనిషికి చెవుల్లోంచి చప్పుడు ఓ పట్టాన దిగదు. మామూలు సినిమా పెడితే హీరో తల్లి ఏడుస్తూ ఏం చెప్పిందో వినపడదు, అది వినపడకపోతే ఇక కథే లేదు. బొమ్మల సినిమాలో అట్లా కాదు. ఎలుకకు ఆకలేస్తే పొట్ట తడుముకుని చూపిస్తుంది. అలిసిపోయిన వాడికి అంతకన్నా ఏం కావాలి? పైగా ఆ బొమ్మలన్నీ ఒక్కొక్కటే చేత్తో గీస్తారని, రెప్పపాటు కాలానికి పది బొమ్మలు కావాలని తెలిసిన రోజు యాదగిరికి అన్నం సహించలేదు. పోగు పక్కన పోగు చేరితే గాని గజం గుడ్డ కాదని ఎరిగిన వాడు కదా, ఆ కష్టం అతనికి తగిలింది.

ఆ ముక్క తెలిపింది కోరుట్ల బాలకిషన్. అతనికి అక్కడ ఫొటో స్టూడియో ఉంది, ఓ మూలన వీడియో క్యాసెట్లు కిరాయికిస్తాడు. దుబాయి, మస్కట్ పోయొచ్చిన వాళ్లు పిల్లల కోసం తెచ్చిన బొమ్మల సినిమాలు, పిల్లలకు మొహం మొత్తాక, అతని అలమారాలో చేరేవి. ఒకటి ఎట్లాగో సిరిసిల్ల దాకా వచ్చి యాదగిరి చేతిలో పడింది. తిరిగి పంపేటప్పుడు అతను డబ్బాలో చీటీ పెట్టాడు: "ఇసొంటియి ఇంకేమన్న ఉన్నయా?" నాలుగు రోజులకు బస్సు కండక్టర్ చేతుల మీదుగా మరో క్యాసెట్టు వచ్చింది, అందులో బాలకిషన్ చీటీ. తర్వాత జగిత్యాల కాలేజీలో పనిచేసే వెంకటి కూడా చీటీలతోనే కలిశాడు. ఆరేళ్ల నుంచి ముగ్గురి మధ్యా క్యాసెట్లు, చీటీలు తిరుగుతున్నాయి. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు.

వెంకటికి ఏనుగుల పెళ్లి సినిమా మీదే ప్రాణం. "పాటలున్నయి, నవ్వుడున్నది, ఇంకేం గావాలె?" అని రాసేవాడు. బాలకిషన్‌కు అది నచ్చదు. "లోకమంత మెచ్చినదాన్ని మనం మెచ్చుడు గొప్పనా? ఎవ్వలు సూడనిది ఒకటి పంపుతున్న, సూడు" అని యాదగిరికి ముసలి ఒంటె సినిమా పంపాడు.

అది ఏ దేశానిదో, ఏ భాషో ముగ్గురిలో ఎవరికీ తెలియదు. రెండు మూపురాల ముసలి ఒంటె ఒకటి, మూపురాల నడుమ ఓ పిట్టను కూర్చోబెట్టుకుని, మంచులో నడుస్తూ పోతుంది. సినిమా అంతా నడకే. ఆఖరుకు ఒక చెట్టు కింద ఒరుగుతుంది. కాళ్లు చాపుతుంది, మెడ వాలుస్తుంది. పిట్ట కాసేపు చూసి ఎగిరిపోతుంది. మంచు పడీ పడీ తెర అంతా తెల్లగా అయిపోతుంది. అంతే.

యాదగిరి దాన్ని పదకొండు సార్లు చూశాడు. దూరం నడిచింది, అలిసింది, పండుకుంది, ఎండ పడితే లేస్తుంది. అతనికి ఇందులో అనుమానమే లేదు. రాత్రి షిఫ్టు దిగి తాను చాప మీద ఒరిగేదీ అట్లాగే. బాలకిషన్ మాత్రం అది చచ్చిపోయిందన్నాడు. ఇక చీటీల మీద చీటీలు. రెండేళ్లు తగువాడుకున్నారు. ఇద్దరూ మొండివాళ్లే.

ఆ ఏడాది ఎండాకాలం నూలు రాక సాంచాలు వారం బంద్ అయ్యాయి. యాదగిరి కోరుట్ల పోయి, బాలకిషన్ పక్కన కూర్చుని ఆ చివరి ముక్క చూపించి ఒప్పించాలనుకున్నాడు. క్యాసెట్టు సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు.

అసలే రోజులు బాగాలేవు. ఒకరోజు నక్సలైట్ అన్నల బంద్, మర్నాడు పోలీసుల గాలింపు. బస్సు ఆగితే జనం అడగకుండానే దిగి, చేతులు పైకెత్తి వరసలో నిలబడేవాళ్లు, అంత అలవాటైపోయింది. దారిలో ఒక మండలం స్టేషన్ ముందు ఆపారు. సంచులు వెతికారు. కానిస్టేబుల్‌కు నల్ల డబ్బా దొరికింది, డబ్బాలో బాలకిషన్ ఆఖరి చీటీ దొరికింది.

"ముసలోడు సచ్చిండు. నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా సచ్చిండు. నువ్వు అచ్చినంక తేల్చుకుందాం. బా.కి."

రెండు నెలల నుంచి పోలీసులు ముసలాయన అని పిలిచే ఒక అన్నల నాయకుడి కోసం గుట్టలన్నీ గాలిస్తున్నారు. తూటా తగిలిందంటారు, శవం దొరకలేదు. ఈ సంగతి యాదగిరికి తెలియదు. ఎస్సై ఎందుకు అంత గబగబా లేచి నిలబడ్డాడో అందుకే అర్థం కాలేదు.

"ఎవడ్రా ఈ ముసలోడు?" అన్నాడు ఎస్సై. ఆయనది ఈ ప్రాంతం కాదు. కళ్లు చూస్తే సరిగ్గా నిద్రపోయి చాలా రోజులైనట్టుంది.

"ఒంటె, సార్."

పక్కన కానిస్టేబుల్ ఫక్కున నవ్వి, ఎస్సై మొహం చూసి నోరు మూసుకున్నాడు.

"చచ్చాడా, బతికున్నాడా? సూటిగా చెప్పు."

"సావలే సార్. పండుకుంది. ఎండ వడితె లేస్తది."

"ఎక్కడ పడుకున్నాడు?"

"చెట్టు కింద, సార్."

"ఏ చెట్టు?"

ఏ చెట్టో యాదగిరికి తెలియదు. మన దిక్కు చెట్టు కాదన్నాడు. చెప్పిన కొద్దీ చిక్కు బిగుసుకుంది. బొమ్మల సినిమా అని మొత్తుకుంటే, నలభై ఏళ్ల వాడివి నీకు బొమ్మల సినిమా ఏమిట్రా అన్నారు. క్యాసెట్టు పెట్టి చూడండి సార్ అనేలోపే, లోపల ఏం దాచారోనని కానిస్టేబుల్ దాన్ని స్క్రూడ్రైవర్‌తో విప్పేశాడు. టేపు నేలంతా పరుచుకుంది. అంతదూరం నడిచిన ఒంటె అట్లా బూట్ల కింద నలుగుతుంటే యాదగిరి వంగి టేపు ఏరబోయాడు.

"బా.కి. ఎవడు?"

సినిమా సంగతే కదా అనుకుని యాదగిరి చెప్పేశాడు. పేరు, ఊరు, స్టూడియో ఎక్కడుందో కూడా. ఆ రోజుల్లో పోలీసులకు పేరు చెప్పడమంటే పేరు చెప్పడమే, సినిమా కోసం చెప్పినా మరొక దానికి చెప్పినా. ఈ తెలివి అతనికి పేరు నోరు దాటిన మరుక్షణం వచ్చింది, కాని అప్పటికి జీపు బయల్దేరింది.

మర్నాడు పొద్దున బాలకిషన్‌ను తెచ్చారు. సన్నటి మనిషి, కళ్లద్దాలు, ఇస్త్రీ చొక్కా. ఆరేళ్ల దోస్తును మొదటిసారి చూడటం ఇట్లా అయింది. ఇద్దరినీ మాట్లాడుకోనివ్వకుండా వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి సినిమా కథ చెప్పించి రాసుకున్నారు. నడక కలిసింది, పిట్ట కలిసింది, మంచు కలిసింది. ఆఖరు కలవలేదు. ఒకడు చచ్చాడంటాడు, ఒకడు పడుకున్నాడంటాడు. మధ్యాహ్నం ఎస్సై ఇద్దరినీ తన బల్ల ముందు నిలబెట్టాడు.

"ఇద్దరి మాటా ఒకటైతే ఇంటికి పంపిస్తాను. కాకపోతే పైకి పంపాలి. పైకెళితే నా చేతుల్లో ఏమీ ఉండదు."

పైకి పోయిన వాళ్ల సంగతులు యాదగిరి విని ఉన్నాడు. చచ్చిందని ఒక్క మాట అంటే సరిపోతుంది. బాలకిషన్ పెళ్లాం, పిల్లలు కోరుట్లలో ఎదురుచూస్తుంటారు, వాళ్లకు ఈ గతి పట్టించింది తనే. అయినా నోరు రాలేదు. అంత నడిచిన జీవికి చివరికి దక్కేది చావేనని తన నోటితో ఎట్లా అనేది? అట్లా అయితే రోజూ సాంచాల దగ్గర నుంచి నడిచొచ్చి ఒరిగే తన సంగతేమిటి? సిగ్గు పడుతూనే, భయపడుతూనే, మళ్లీ అదే అన్నాడు.

"పండుకుంది, సార్."

ఎస్సై కలం బల్ల మీద విసిరాడు. అప్పుడు బాలకిషన్ గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఒక్క మాట. గాడ మంచు పడుతుంది గదా. సలి. సలి పెట్టినోడు ఎట్ల పండుకుంటడు? కాళ్లు కడుపులకు ముడుసుకుంటడు. గా ఒంటె కాళ్లు సాపింది. సచ్చినోనికి సలి పెట్టది, సార్."

"నీకెలా తెలుసు?"

"ఫొటోలు తీస్త, సార్. ఎన్‌కౌంటర్ అయితె మీ డిపార్టుమెంటోళ్లే జీబు పంపి పిలుస్తరు. చెట్ల కింద, గుట్టల మీద. సలికాలం తెల్లారంగ పోయి తీసిన. మందుపాతర పేలినప్పుడు మీవోళ్లయి సుత నేనే తీసిన. ఇప్పటికి ఇరవై ఆరుగురు. అందరు కాళ్లు సాపుకొనే ఉన్నరు. ఒక్కడు ముడుసుకోలే."

కానిస్టేబుల్ తల దించుకున్నాడు. యాదగిరి కళ్ల ముందు ఒంటె కాళ్లు ఆడాయి. పదకొండు సార్లు చూశాడు, ఆ కాళ్లు చూడలేదు. తను అలిసిన కళ్లతో చూశాడు, ఈయన ఆ ఇరవై ఆరుగురిని చూసిన కళ్లతో చూశాడు.

"సచ్చింది, సార్" అన్నాడు. "నేనే సరిగ సూడలే."

ఎస్సై ఇద్దరి మొహాలూ కాసేపు చూసి, కాగితం ముందుకు లాక్కున్నాడు. ఒంటె చనిపోయిన మాట వాస్తవమని, అది సినిమాలోని ఒంటె అని, తమకు ఏ పార్టీతోనూ సంబంధం లేదని రాయించి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించాడు. "పోండి" అన్నాడు, తలెత్తకుండానే.

బస్సుల కోసం ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడ్డారు. ఎండ మాడ్చేస్తోంది.

"నీ పేరు నేనే జెప్పిన, అన్నా. తప్పయింది" అన్నాడు యాదగిరి.

"తెల్సు. ఎవ్వలైన జెప్తరు తియ్యి." బాలకిషన్ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "నేను బొమ్మల సినిమాలెందుకు సూస్తనో ఎర్కేనా? గా బొమ్మలల్ల ఎవలన్న సస్తె నన్ను ఫొటోకు పిలువరు. గందుకు."

"మరి ఒంటె సచ్చిందని గంత కొట్లాడితివి?"

"నాకు గట్లనే కనవడె. కండ్లకు గదే అలవాటైంది, ఏం జెయ్యాలె? నువ్వు పండుకుందని రాసినప్పుడల్ల, ఏమో, నిజమేనేమోనని మల్ల పెట్టి సూసేటోన్ని. లోకంల ఒక్కడన్న దాన్ని పండుకుందంటుండు గదా అనుకునేటోన్ని. ఇయ్యాల నువ్వు సుత సచ్చిందంటివి."

"సంతకం కోసమన్న, అన్నా. ఇడిసిపెడుతరని అన్న, గంతే" అన్నాడు యాదగిరి తొందరగా.

"కాదు." బాలకిషన్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "నేను ఫొటోలు తీసెటోన్ని. అన్నప్పుడు నీ మొకం సూసిన."

ముందు కోరుట్ల బస్సు వచ్చింది. బాలకిషన్ ఎక్కి, కిటికీ పక్కన సీటు ఖాళీగా ఉన్నా, యాదగిరి దిక్కు చూడకుండా వెనక్కి పోయి నిలబడ్డాడు.