రీలు నువ్వే బిగించు

ఎంతిస్తే అంతే, సొంత వదిన దగ్గర బేరమేమిటి, అయినా గాలం కర్ర కొత్తదే కదా, రీలు మీద ఒక్క గీత కూడా పడలేదు, అమ్మేస్తాను వదినా అని ఆవిడ గాలాల దుకాణం మెట్లు ఎక్కుతూనే అనేశాను, ఎందుకని అడగలేదు, నా కుడి చేతి వైపైనా చూడలేదు, వర్కుషాపులో ప్రెస్సు మిషన్ కింద రెండు వేళ్లు పోయి నాలుగు నెలలు, అప్పట్నుంచీ కనిపించిన ప్రతివాడూ ముందు ఆ చేతిని పలకరించి తర్వాత నన్ను పలకరిస్తున్నాడు, ఈవిడ మాత్రం కళ్లజోడు సర్దుకుని, ఏదీ మరిదిగారూ, ఎడం చేత్తో ఒకసారి విసిరి చూపించు, అంది, అంతే.

విసిరాను, దుకాణం వెనక సందులో, దారం చివర సీసం ముక్క అవతలి గోడ దాకా బాగానే వెళ్లింది, వెనక్కి చుట్టడం దగ్గరే వచ్చింది తంటా, రీలు తిప్పే హ్యాండిల్ ఎడమవైపు, ఎడమ చెయ్యేమో కర్రని పట్టుకుని ఉంది, కర్రని కుడి చేతికి మార్చగానే మూడు వేళ్లలోంచి పిడి జారిపోయింది, చూశావుగా వదినా, ఇక చేపలకీ నాకూ చెల్లు, అన్నాను, నవ్వుతూనే అన్నాను, జారిన కర్రని మోకాలితో ఆపుకుంటూ, పాతికేళ్లు మిషన్లు విప్పి బిగించిన ఫిట్టరువి, హ్యాండిల్ అటువైపు పెట్టుకోవచ్చని తట్టలేదా, అంది వదిన, తల కొట్టేసినట్టయింది, ఇంకొకడి రీలైతే అరనిమిషంలో మార్చి చేతిలో పెట్టేవాణ్ణి, నా దాని దగ్గరికొచ్చేసరికి పోయిన వేళ్లని తలుచుకుని ఏడవడానికే పొద్దు చాల్లేదు.

అబ్బ, ఆవిడ చేతులు చూడాలి, లోపలికొచ్చి నన్ను కూర్చోబెట్టి, హ్యాండిల్ మర విప్పి కుడివైపుకి మార్చింది, రీలు ఊడదీసి దాని అడుగున పట్టీలా ఉండే పాదం గుడ్డతో తుడిచింది, పిడి మీది గాడిలో పాదం ఒక కొన ముందున్న చిన్న లోహపు కప్పు కిందికి తోసింది, రెండో కొన మీదికి రెండో కప్పు జరిపింది, మర ఉన్న ఉంగరం తిప్పి బిగించింది, ఒక్క కదలిక దండగ లేదు, పటకారు జోలికే పోలేదు, మగమహారాజులు ప్రాణం తీసేలా బిగిస్తారు, మర చెడిపోయాక నా దగ్గరికి పరిగెత్తుకొస్తారు, అని గొణిగింది, ఒక కన్ను మూసి కర్ర పొడవునా చూసి రీలు వంకర లేదని తేల్చుకుంది, చెవి దగ్గర పెట్టి ఊపింది, చప్పుడు లేదు, నేను పనివాణ్ణి, పనితనం చూస్తే గుర్తుపడతాను, ఇంత ఒద్దికైన చెయ్యి మా వర్కుషాపులో ఒక్కడికీ లేదు, నాక్కూడా లేదు, రెండు చేతులూ బాగున్న రోజుల్లో కూడా.

అంతా అయ్యాక ఏం చేసిందనుకున్నారు, ఉంగరం విప్పేసి, రీలు ఊడదీసి, కర్రా రీలూ నా ఒళ్లో పెట్టింది, ఇప్పుడు నువ్వే బిగించు, అంది.

కర్రని చంకలో ఇరికించాను, పాదం గాడిలో పెడితే ఉంగరం పట్టుకోవడానికి వేళ్లు లేవు, ఉంగరం పడితే రీలు జారింది, మర అడ్డంగా ఎక్కింది, వెనక్కి తిప్పి మళ్లీ పట్టాను, చెమటలు పట్టాయి, ఎవరో వచ్చి దారం అడిగితే, కూర్చోండి, మా మరిది పనిలో ఉన్నాడు, అంది, పనిలో ఉన్నాడట, ఆ మాట విని ఎన్నాళ్లయింది, ఆవిడ బొటనవేలు మాత్రం చీర కొంగుని నలిపేస్తోంది, లాక్కుని బిగించెయ్యాలని ఎంత ఉందో పాపం, ఇంట్లో మా ఆవిడ నాకు బొత్తాలు పెట్టేస్తుంది, కూతురు బూట్ల తాళ్లు కట్టేస్తుంది, ప్రేమే, కాదనను, కానీ నా చెయ్యి లేచేలోపే పని అయిపోతుంది, ఈవిడ చెయ్యి చాపకుండా అలాగే నిలబడింది, చివరికి ఉంగరం మరలో పట్టుకుంది, తిప్పాను, ఇంకొంచెం, రీలు కదల్లేదు, ఊపినా కదల్లేదు, ఇక దీన్ని అమ్మను వదినా, అన్నాను, ఈ నాలుగు నెలల్లో నా పని నేను పూర్తిచేసేదాకా ఆగిన మనిషి ఈవిడ ఒక్కతే.