బదులు మనిషికి దొరికిన వేషం

గేనర్ టఫ్‌నెల్ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా సినిమాల్లో నిలబడుతోంది. నటించిందని ఎవరూ అనరు, ఆమె కూడా అనుకోదు. తార వచ్చి నిలబడాల్సిన చోట నేల మీద రంగు టేపు ముక్క అంటిస్తారు. గేనర్ ఆ గుర్తు మీద గంటో రెండు గంటలో నిలబడితే, ఆమె ముఖం మీద లైట్లు సర్దుకుంటారు, కెమెరా దూరం కొలుచుకుంటారు. అన్నీ కుదిరాక అసిస్టెంట్ డైరెక్టర్ "ఫస్ట్ టీం!" అని కేక పెడతాడు. ఫస్ట్ టీం అంటే అసలు నటులు. ఆ కేక వినపడగానే గేనర్ గుర్తు మీంచి తప్పుకుని లైట్ల వెనక చీకట్లోకి వెళ్ళిపోవాలి. తార వచ్చి, "చక్కగా నిలబడ్డావ్" అని ఓ నవ్వు విసిరి, తయారుగా ఉన్న వెలుగులో నిలబడుతుంది. గేనర్ టీ తాగుతుంది.

ఆ స్టూడియో లండన్‌కి పడమట ఉంది. సెట్లు వేసే స్టేజీలు ఎనిమిదుంటే ఏడింటిని హాలీవుడ్ కంపెనీ ఏళ్ళ తరబడి అద్దెకు పట్టేసింది. స్టూడియో మన బ్రిటిష్ వాళ్ళది, వడ్రంగులు మనవాళ్ళు, బట్టలు కుట్టేది మనవాళ్ళు, రాక్షసుడికి కోరలు చెక్కేది మనవాళ్ళు, ఆఖరికి వాన కూడా మనదే. తెర మీద కొండలూ నక్షత్రాలూ చూపించి పేరు వేసుకునేది మాత్రం వాళ్ళు. సొమ్మొకడిది, సోకొకడిది. పోనీ మన సినిమా మన జనమైనా చూస్తారా అంటే, పొరుగింటి పుల్లకూర రుచి. శనివారం సాయంత్రం ఏ ఊరి హాలు ముందైనా నిలబడి చూడండి, మన సినిమా ఆడే గదిలో నలుగురు ముసలివాళ్ళు కోట్లు విప్పకుండా కూర్చుని ఉంటారు.

మిగిలిన ఎనిమిదో స్టేజీ పాతది. రేకుల కప్పు. వాన పడితే కప్పు మోతకి మాటలు వినబడవు కాబట్టి షూటింగ్ ఆపి అందరూ తలలెత్తి చూస్తూ కూర్చోవాలి. ఆ స్టేజీ తమ్‌సిన్ అనే ముప్ఫై నాలుగేళ్ళ పిల్లకి దొరికింది. చేపల రేవులో ఓ తల్లి కథ తీస్తోంది తను. కొడుకు వేటకి వెళ్ళి సముద్రంలో పోయాడు, తల్లి మాత్రం రోజూ బల్ల మీద వాడి పళ్ళెం కూడా పెడుతుంది. అంతే కథ. తల్లి వేషానికి పేరున్న నటిని పెట్టుకుంటే, షూటింగ్ ఐదు రోజుల్లో మొదలవుతుందనగా ఆవిడ హాలీవుడ్ వాళ్ళ సినిమాలో మంత్రగత్తె వేషం దొరికి వెళ్ళిపోయింది. ఎక్కడికో కూడా కాదు, గోడ అవతల మూడో స్టేజీకి.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో గేనర్ ఉడికిన బంగాళాదుంప మీద చిక్కుడు గింజలు వేసుకుని తింటుంటే తమ్‌సిన్ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"గేనర్, ఆరేళ్ళ కిందట నేను రెండో స్టేజీలో టీలు మోసేదాన్ని, గుర్తుందా?"

"నీ టీ గుర్తుందమ్మా. గోరువెచ్చని కుడితి."

తమ్‌సిన్ నవ్వింది. "అప్పుడు అందరూ హీరోయిన్ ఎప్పుడొస్తుందా అని తలుపు వైపు చూస్తుండేవాళ్ళు. నేను మాత్రం మానిటర్‌లో మిమ్మల్నే చూసేదాన్ని. ఈ తల్లి వేషం మీరు వెయ్యాలి."

"నేనా? నాకు నిలబడటం తప్ప ఏమొచ్చు?"

"నిలబడండి చాలు. మిగతాది అదే వస్తుంది."

గేనర్ ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది. యాభై ఏడేళ్ళు వచ్చాక ఒక మనిషి తనని చూశానని చెబితే ఏడుపు రాక ఏమొస్తుంది?

మొదటిరోజు ఒక తమాషా జరిగింది. చిన్న సినిమా కదా, బదులు మనిషిని పెట్టుకునే స్తోమతు లేదు. అందుకని గేనర్ తన లైటింగుకి తనే నిలబడింది. కొడుకు పళ్ళెం చేత్తో పట్టుకుని, ఎలా పెట్టాలి, ఎక్కడ చూడాలి అని తనలో తను చేసుకుంటూ గంటన్నర నిలబడింది. అన్నీ కుదిరాక అసిస్టెంట్ డైరెక్టర్ నెవిల్ అలవాటు కొద్దీ "ఫస్ట్ టీం!" అని అరిచాడు. గేనర్ అంతే అలవాటుగా పళ్ళెం బల్ల మీద పెట్టేసి చీకట్లోకి నడిచింది. స్టేజీ అంతా గొల్లుమంది.

"ఏమ్మోయ్, ఎక్కడికి?" నెవిల్ కడుపు పట్టుకుని నవ్వాడు. ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా కలిసి పనిచేస్తున్నారు. "ఇవాళ ఫస్ట్ టీమువి నువ్వే తల్లీ! రా, వచ్చి నిలబడు!"

గేనర్ కూడా నవ్వుతూ వెనక్కి వచ్చింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఇదీ అలాంటిదే అనుకుంది. కెమెరా తిరిగేలోగా వాన పట్టుకుంది, ఆ రోజూ మర్నాడూ కప్పు మోతకి ఒక్క షాటూ తియ్యలేకపోయారు.

మూడోరోజు మళ్ళీ కేక వినబడింది. మళ్ళీ ఆమె కాళ్ళు కదిలాయి. నాలుగడుగులు వేశాక నాలుక కరుచుకుని, నవ్వుల కోసం కాచుకుంది. ఎవరూ నవ్వలేదు. వెనక్కి తిరిగి చూసింది. గుర్తు మీద ఎవరో నిలబడి ఉన్నారు.

అదే బూడిదరంగు స్వెట్టరు. మోచేతి దగ్గర అదే అతుకు. ముఖం తనదే. కానీ ఆ నిలబడటం తనది కాదు. గేనర్ ఎప్పుడూ గుర్తుకోసం కాళ్ళ వంక ఒకసారి చూసుకుని నిలబడుతుంది. ఆ మనిషి చూసుకోలేదు. ప్రపంచమంతా తనకోసం కాచుకోవడం అలవాటైన వాళ్ళు నిలబడే తీరులో నిలబడింది. కెమెరా తిరిగింది. ఆమె పళ్ళెం పెట్టింది, మాటలు చెప్పింది. స్టేజీలో చీమ చిటుక్కుమంటే ఒట్టు.

"కట్!" అంది తమ్‌సిన్. గేనర్ ఒక్క పరుగున బల్ల దగ్గరికి వచ్చింది. అక్కడ ఎవరూ లేరు. తమ్‌సిన్ వచ్చి గేనర్‌ని గట్టిగా కావలించుకుంది. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు ఇదంతా!"

గేనర్ ఏమని చెబుతుంది?

అది మొదలు ప్రతి షాటుకీ అదే వరస. తను నిలబడుతుంది, లైట్లు కుదురుతాయి, కేక వినబడుతుంది, కాళ్ళు కదులుతాయి, ఆ మనిషి వస్తుంది. రెండో వారంలో డబ్బు పెట్టినవాళ్ళు వచ్చి తీసినంత మేరా చూశారు. "ఆ పేరున్నావిడ హాలీవుడ్ వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోవడమే మన అదృష్టం" అన్నాడు అందులో ఒకాయన. చీకటి గదిలో ఆఖరి వరసలో కూర్చుని గేనర్ ఆ ముఖం చూసింది. తన ముఖమే, పది అడుగుల ఎత్తున. నాకంటే బాగా చేస్తోంది అనుకుంది. సిగ్గేసింది. దుఃఖం వచ్చింది. జీవితంలో ఒక్కటంటే ఒక్క వేషం దొరికింది, అందులో ఒక్క షాటు కూడా తనది కాదు. ఒక్క షాటు చాలు, ఒక్క నిమిషం తను తెర మీద ఉంటే చాలు.

ఐదో వారం ఒకరోజు భోజనాల వేళ మేకప్ గదిలోకి వెళ్తే, అద్దం ముందు కుర్చీలో అది కూర్చుని గోళ్ళు చూసుకుంటోంది.

"ఎవరు నువ్వు?" అంది గేనర్.

"ఏమిటా ప్రశ్న, డార్లింగ్?" తెర మీద రేవు యాస అంత చక్కగా పలికే మనిషి, ఇప్పుడు అట్లాంటిక్ అవతలి యాసలో సాగదీసి మాట్లాడింది. "నువ్వు నిలబడతావు, నేను వస్తాను. ముప్ఫై ఏళ్ళ నుంచీ ఇంతేగా?"

"ఇది నా వేషం."

"నీదేగా. నీ పేరే వేస్తారు. నేనేమైనా కాదన్నానా?" లేచి, గేనర్ భుజం తట్టింది. చెయ్యి లైట్ల కింద చాలాసేపు ఉన్న చెయ్యిలా వేడిగా ఉంది. "చక్కగా నిలబడతావు నువ్వు. నిజంగా."

తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. గేనర్ వరండాలోకి చూస్తే వాన తప్ప ఎవరూ లేరు.

తిన్నగా నెవిల్ దగ్గరికి వెళ్ళింది. "నీకు దణ్ణం పెడతాను, ఆ కేక మానెయ్."

"ఏ కేక?"

"ఫస్ట్ టీం అని అరుస్తావు చూడు, అది."

నెవిల్ చేతిలో బిస్కెట్టు అలాగే ఆగిపోయింది. "నేనా? మొదటిరోజు నువ్వు చక్కా దిగిపోయాక ఆ మాట మళ్ళీ నోటంట రానిస్తేగా? ఇంత బుల్లి సినిమాకి ఫస్ట్ టీమేమిటి, సెకండ్ టీమేమిటి? 'రెడీ' అంటున్నా, అంతే. ఏమిటే, ఒంట్లో బాగోలేదా?"

గేనర్ ఆ రాత్రంతా ఒకటే నిశ్చయం చేసుకుంది. ఎవరు పిలిచినా సరే, రేపు కదలకూడదు.

ఆ రేపు షూటింగ్‌కి ఆఖరి రోజు. మిగిలింది ఆఖరి షాటు. మధ్యాహ్నానికల్లా ఎనిమిదో స్టేజీ ఖాళీ చెయ్యాలి, దాన్ని కూడా హాలీవుడ్ కంపెనీయే తీసుకుంది. వాళ్ళ మనుషులు అప్పుడే వచ్చి వంటిల్లు సెట్టు చుట్టూ టేపులతో కొలతలు తీస్తున్నారు. ఒక్క టేకుకే టైముంది. తల్లి మొట్టమొదటిసారి కొడుకు పళ్ళెం బల్ల మీంచి తీసేసి, మొగుడితో "ఇవాళ్టి నుంచి రెండే" అనాలి.

గేనర్ గుర్తు మీద నిలబడింది. లైట్లు సర్దారు. వాన ఆగింది. అప్పుడు వినబడింది, ఎప్పటిలాగే స్పష్టంగా, "ఫస్ట్ టీం!"

కాళ్ళు లాగాయి. బల్ల అంచు పట్టుకుని ఆపుకుంది. చీకట్లో, పెద్ద లైటు పక్కన, బూడిదరంగు స్వెట్టరు కదిలింది. కదిలి ఆగింది. గేనర్ అటు చూడలేదు. పళ్ళెం తీసుకుంది. నాన్న పోయిన వారానికి అమ్మ ఆయన కప్పు పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నిలబడటం గుర్తొచ్చింది. పళ్ళెంలో ఏమీ లేదు, మరక కూడా లేదు. అయినా స్వెట్టరు అంచుతో దాన్ని తుడిచింది. ఒకసారి తుడిచి, చూసి, మళ్ళీ తుడిచింది. "ఇవాళ్టి నుంచి..." అని ఆగింది. ఊపిరి అందక చిన్న నవ్వులాంటిది బయటికొచ్చింది. "...రెండే" అంది.

అయింది. జీవితంలో మొదటిసారి, తను చేసింది. బాగా చేసింది, ఆమెకే తెలిసింది. తలెత్తింది.

కెమెరా తిరగడం లేదు. కెమెరా కుర్రాడు లెన్సు తుడుచుకుంటున్నాడు. కెమెరామన్ లైటు కొలిచే మీటరు ఆమె చెంప దగ్గర పెట్టి తల ఊపాడు. నెవిల్ బిస్కెట్టు నములుతున్నాడు.

"వెలుగు బ్రహ్మాండంగా కుదిరింది," అంది తమ్‌సిన్, మానిటర్ దగ్గర్నుంచి. "చాలా థాంక్సండీ. ఇక గేనర్‌ని పిలవండి."

"తమ్‌సిన్! నేనే గేనర్‌ని!"

తమ్‌సిన్ ఆమె వంక చూసింది. మర్యాదగా నవ్వింది. ఆ నవ్వు గేనర్‌కి కొత్త కాదు, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఎంతమంది ముఖాల మీదో చూసింది. "పాపం, చాలాసేపు నిలబడ్డారు. వెళ్ళి టీ తాగండి."

అప్పుడు అది వచ్చింది. స్టేజీలో అందరి ముఖాలూ ఒక్కసారి విచ్చుకున్నాయి, తమ్‌సిన్ ముఖం అందరికంటే ఎక్కువగా. గేనర్ బల్ల అంచు వదలకూడదనుకుంది. కానీ అది ఎదురుగా వచ్చి ఓపిగ్గా నిలబడింది, కాళ్ళు వాటంతట అవే పక్కకు జరిగాయి. చీకట్లోకి వెళ్ళి, ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది.

కెమెరా తిరిగింది. అది పళ్ళెం తీసుకుంది. స్వెట్టరు అంచుతో తుడిచింది. చూసి, మళ్ళీ తుడిచింది. "ఇవాళ్టి నుంచి..." అని ఆగింది. అదే చోట, అంతే సేపు. అదే చిన్న నవ్వు బయటికొచ్చింది.

గేనర్‌కి అప్పుడు అర్థమైంది. ఆ మనిషి దగ్గర సొంతానిది వీసమెత్తు లేదు. ఈ ఐదు వారాలూ లైటింగు వేళ తను తనలో తను చేసుకున్నదే, ప్రతి చూపూ, ప్రతి ఊపిరీ, ఎత్తుకెళ్ళి కెమెరా ముందు పెట్టింది. నాకంటే బాగా చేస్తోందని సిగ్గుపడి ఏడ్చింది తను. ఏడ్చిందంతా తన నటన చూసుకునే.

"అది నాది," అంది పైకే. "అమ్మది. నాది."

పక్కన కూర్చున్న సౌండు మనిషి, ఆమె వైపు తిరగనైనా తిరగకుండా, వేలు పెదవుల మీద పెట్టి ఊరుకోమన్నాడు.