బటన్ నొక్కాక రాని భోజనం

శ్రీవిద్య ఉద్యోగమే అనుమానించడం. అమెరికాలోని ఫ్రీమాంట్‌లో ఆమె పనిచేసే చిన్న కంపెనీ ఇన్సులిన్ పంప్ తయారుచేస్తుంది. ఒంట్లో షుగర్ ఎక్కుతున్నా దిగుతున్నా పంప్ దానంతటదే మందు సర్దుతుంది. మిగతావాళ్లు దాన్ని వేల రకాలుగా నడిపి చూసి చంకలు గుద్దుకుంటే, నడిపి చూడని రకాల సంగతేమిటని ఆమె అడుగుతుంది. షుగర్ ఏ పరిస్థితిలోనూ ప్రమాదపు గీత దాటి దిగదని గణితంతో నిరూపణ దొరికితేనే సరేనంటుంది.

ఈసారి నిరూపణ కుదరలేదు. కంప్యూటర్ ఒక సందర్భాన్ని వెతికి పట్టుకుంది. మనిషి తినబోతున్నానని ఫోన్‌లో 'భోజనం' బటన్ నొక్కాడు, పంప్ మందు ఎక్కించింది, అన్నం మాత్రం గంటకు గానీ నోట్లోకి వెళ్లలేదు. షుగర్ గీత కిందికి పడిపోయింది.

మేనేజర్ రాజీవ్ నవ్వేశాడు. "బటన్ నొక్కేసి గంటసేపు తినకుండా ఎవరు కూర్చుంటారు శ్రీవిద్యగారూ? ఇరవై నిమిషాల్లో తింటారని ఒక అజంప్షన్ పెట్టేయండి. ప్రూఫ్ పాసవుతుంది, మండే రిలీజ్ చేద్దాం."

"పాసవుతుంది. కానీ నిజం అవదు కదండీ. మనవాళ్ల ఇళ్లల్లో ఎప్పుడైనా టైముకి వడ్డించారా?"

"ప్లీజ్, పెట్టండి."

అతని తొందరకు కారణం ఆమెకు తెలుసు. ట్రయల్‌లో మొదట ఆ పంప్ పెట్టుకున్నది అతని భార్య పద్మజే. చిన్నప్పటి నుంచీ సూదులతో విసిగిపోయిన మనిషి ఇప్పుడు సుఖంగా ఉంది. ఆ సుఖం అందరికీ త్వరగా అందాలని రాజీవ్ తాపత్రయం.

శనివారం వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం. శ్రీవిద్య కూడా వెళ్లింది. "కథ అయిపోవచ్చింది, ఇక అయిదు నిమిషాలే" అన్నారు పంతులుగారు. రాజీవ్ పక్కన పీట మీద కూర్చున్న పద్మజ కొంగు చాటున ఫోన్ తీసి భోజనం బటన్ నొక్కేసింది. అప్పుడే పంతులుగారికి ఊపొచ్చింది. కథకు తాత్పర్యం, తాత్పర్యానికి వ్యాఖ్యానం. ఆపైన, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లు వచ్చాకే హారతి అన్నారు.

శ్రీవిద్య ఇక కథ వినలేదు. పద్మజనే చూస్తూ కూర్చుంది. నుదుటి మీద చెమట పట్టింది, అక్షతలు పట్టుకున్న వేళ్లు వణికాయి, ఫోన్ కీచుమని మోగింది. శ్రీవిద్య గబగబా ఫ్రిజ్‌లోంచి జ్యూస్ తెచ్చి ఆమె చేతికిచ్చింది.

"ఇంకా నైవేద్యం అవలేదు కదండీ" అంది పద్మజ నీరసంగా.

"తాగు తల్లీ. స్వామికి లేని పట్టింపు నీకెందుకు?" అన్నారు పంతులుగారు.

గ్లాసు ఆమె నోటికి అందించినవాడు రాజీవే. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

పద్మజ తేరుకున్నాక, హారతి కూడా అయ్యాక, అతను పట్టుపంచెతోనే శ్రీవిద్య దగ్గరికొచ్చాడు. "బటన్ నొక్కి తినకుండా కూర్చునే మనిషి నా పక్క పీట మీదే ఉందండీ. నాకు కనపడలేదు. ఆ అజంప్షన్ తీసేయండి."

"నేను పెట్టనే లేదు. మందు ఎంతివ్వాలో లెక్కగట్టే కంట్రోలర్‌నే మార్చాను, మీకు మండే చూపిద్దామనుకున్నా. బటన్ నొక్కగానే కొంచెం మందే ఇస్తుంది. తిన్నాక షుగర్ ఎక్కడం కనిపిస్తేనే మిగతాది. ప్రూఫ్ కూడా వచ్చేసింది."

"ఎంత లేటుగా తిన్నా ఫర్లేదా?"

"అసలు తినకపోయినా ఫర్లేదు."

రాజీవ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. శ్రీవిద్యకు తన అనుమానం మీద ఎప్పుడూ లేనంత గర్వం కలిగింది.

"వడ్డిస్తున్నాం, అయిదు నిమిషాలే!" అని వంటింట్లోంచి ఎవరో కేకేశారు. పద్మజ ఫోన్ తీయబోయి, వాళ్లిద్దరి వైపూ చూసి, విస్తట్లో అన్నం పడేదాకా ఆగింది.