మిరపకోతల చెయ్యి

మూడేళ్ల షారోన్ పోయిన నెల పదిన్నర కిలోలు తూగింది, ఈ నెల పది. ఎదగాల్సిన పిల్ల తరిగిపోతుంటే ఏ తల్లికి కాలు నిలుస్తుంది? వచ్చే నెలకి కూడా బరువు పెరగకపోతే గుంటూరు ఆసుపత్రిలో చేర్చాల్సిందేనని అంగన్‌వాడీ టీచర్ శ్రీరమ్య తేల్చి చెప్పింది. అప్పటి నుంచి జాస్మిన్ కాలుకాలిన పిల్లిలా తిరుగుతోంది.

తప్పంతా పిల్లదేనని ఆవిడ నమ్మకం. క్రిస్మస్ దాకా శుభ్రంగా తిన్న పిల్ల, చేలో కోతలు మొదలైన దగ్గర్నుంచి ముద్ద నోట పెడితే చాలు ఉమ్మేస్తోంది. పప్పన్నమైనా మంటే, పెరుగన్నమైనా మంటే. పెరుగన్నంలో మంటేమిటి, ఎవరైనా వింటే నవ్విపోరూ? బిస్కెట్లు మాత్రం తన చేత్తో తీసుకుని ఇట్టే నమిలేస్తుంది. జాస్మిన్ తిట్టింది, బుజ్జగించింది, పాస్టరుగారితో ప్రార్థన చేయించింది. ఆఖరికి బిస్కెట్ ప్యాకెట్ లాక్కుని అటకెక్కించింది.

"అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. బాగుందే నీ సంబడం," అంది అత్త కొండమ్మ.

తను పెడుతూనే ఉంది, అది తింటేగా అని జాస్మిన్ ఏడ్చినంత పని చేసింది.

మర్నాడు ఇంకో కబురు తెలిసింది. అంగన్‌వాడీలో షారోన్ గుడ్డూ పప్పన్నమూ తనంతట తానే తింటోందట. జాస్మిన్‌కి ఉక్రోషం ముంచుకొచ్చింది. పరాయివాళ్ల వంట రుచీ, కన్నతల్లి వంట చేదూనా? మధ్యాహ్నం కోత మధ్యలోనే వదిలేసి, చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుని పరుగున వెళ్లింది. చూస్తే నిజమే. పిల్ల పళ్లెం ముందేసుకుని, మూతంతా పూసుకుని తింటోంది. జాస్మిన్‌కి ప్రాణం లేచొచ్చింది. పక్కన చతికిలబడి, ఆ పళ్లెంలోదే ఒక ముద్ద చేసి దాని నోట్లో పెట్టింది.

షారోన్ ఉమ్మేసి గుక్కపట్టి ఏడ్చింది. పెదవులు ఎర్రబడ్డాయి.

శ్రీరమ్య ముందు పళ్లెం వంక చూసింది, తర్వాత జాస్మిన్ గోళ్ల వంక చూసింది. కోతల నుంచే వస్తున్నావా అని అడిగింది.

"సబ్బుతో కడుక్కునే వచ్చానండీ."

"మిరపఘాటు సబ్బుకి పోతుందా జాస్మిన్? నీ చేతికి అలవాటైపోయింది. దాని నాలుక్కి మూడేళ్లేగా."

రెండు నెలలుగా పిల్ల ఒకటే మాట చెబుతోంది. వినలేదు. కాళ్ల మధ్య ఇరికించుకుని బలవంతంగా కుక్కిన ముద్దలన్నీ జాస్మిన్‌కి గుర్తొచ్చాయి.

ఆ సాయంత్రం, కోతలకి వెళ్లని కొండమ్మే పెరుగన్నం కలిపి చిన్న పళ్లెంలో మనవరాలి ముందు పెట్టింది. జాస్మిన్ ఎదురుగా కూర్చుంది. మెతుకులు సగం చాప మీదే పడుతున్నాయి. ఇది తినేదెప్పుడు, దీని కడుపు నిండేదెప్పుడు అని ఆవిడకి ఒకటే ఆరాటం. ఉండబట్టలేక చెయ్యి ముందుకు చాచింది, మళ్లీ గభాల్న వెనక్కి లాక్కుని కొంగులో దాచుకుంది.

షారోన్ అది చూసింది. పళ్లెంలోంచి ఒక చిన్న ముద్ద తీసి, ఉఫ్ ఉఫ్‌మని ఊది తల్లి నోటి దగ్గర పెట్టింది.

"మంట లేదమ్మా, తిను," అంది.