పాదాల దగ్గరి బాల్చీ

చచ్చిపోయినవాణ్ణి ‘బాల్చీ తన్నేశాడు’ అని ఎందుకంటారో, అందులో నవ్వడానికి ఏముందో నాకు చిన్నప్పటినుంచీ అనుమానమే. ఉరి పోసుకునేవాడు బాల్చీ ఎక్కి దాన్ని తన్నేస్తాడు కనుక అని ఇంగ్లండులోని మా లాంకషైర్ బొగ్గుగనుల్లోవాళ్లు అనేవారు. మా అమ్మ మాత్రం, శవం పాదాల దగ్గర పెట్టే పవిత్ర జలం బాల్చీ వల్లే ఆ మాట పుట్టిందనేది. చూడవచ్చినవాళ్లు అందులో చిన్న కొమ్మ ముంచి శవం మీద చల్లి ప్రార్థన చేస్తారు. తల్లి పోతే మొదటి చుక్క పెద్దకొడుకుది. ఏది నిజమో నాకిప్పటికీ తెలియదు.

ఆ జనవరిలో మా అన్న కత్‌బర్ట్ ఊపిరితిత్తుల నిండా బొగ్గుపొడితో మా ముందుగదిలో మంచం పట్టాడు. ఇక చేసేదేమీ లేదని డాక్టరు చెప్పేశాడు. మంచుకు దారి మూసుకుపోయి చర్చి ఫాదర్ రాలేకపోయారు. నేను జపమాల తిప్పుతూ కూర్చున్నాను. అంతకుమించి ఏం చేయగలను?

“ఒరేయ్ ఆంబ్రోస్, ఆ బాల్చీ ఇలా పట్రా” అన్నాడు అన్న.

“అదేం మాటన్నా! ప్రాణం ఉండగా తేకూడదు.”

“పోయాక తన్నాలంటే నా కాలు నువ్వు లేపుతావా?” నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. “తన్నడానికి కాదులేరా. అమ్మ పోయినప్పుడు నేను గనిలోంచి పైకొచ్చేసరికే నువ్వు చల్లేశావు. నా మొదటి చుక్క నువ్వింకా బాకీ.”

ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ అనలేదు ఆ మాట. ఆ రోజు నేను పది నిమిషాలు ఆగవలసింది.

“చల్లడానికి అమ్మ ఇప్పుడెక్కడుందన్నా?”

“ఆ రోజు శవాన్ని ఈ కిటికీ కిందే కదరా పడుకోబెట్టింది. అక్కడ చల్లితే తనకేనని ఆమాత్రం తెలీదా ఆవిడకి?”

తప్పో ఒప్పో అడుగుదామంటే ఫాదర్ లేరు. ముందే తెస్తే అన్న చావును నేనే పిలిచినట్టవుతుందేమోనని భయం. తేకపోతే మళ్లీ అడగడానికి అన్న ఉండడు. వెళ్లి, ఇంట్లో దాచుకున్న పవిత్ర జలం పోసి బాల్చీ తెచ్చాను. కొమ్మ ముంచి అతని వేళ్ల మధ్య పెట్టాను. జారిపోయింది. మళ్లీ పెట్టి, నా చెయ్యి ఆసరా ఇవ్వబోయాను.

“నువ్వొద్దు” అన్నాడు.

వదిలేశాను. చూస్తూ నిలబడ్డాను. అన్న చెయ్యి మెల్లగా లేచింది. కిటికీ కింద నేల రాతిపలక మీద మూడు చుక్కలు పడ్డాయి.

“తీరింది పో” అన్నాడు, కొమ్మ నాకిచ్చేస్తూ.