కాకెంగిలి జామకాయ

మెహర్‌ని చూస్తే రెబ్కా టీచరుకి ఎంత ముద్దో అంత దడ. మూడో తరగతి పిల్ల. ఎక్కాలు గడగడా ఒప్పజెపుతుంది. కానీ ఒక్క వేరుశనగ గింజ నోట్లో పడిందా, గొంతు వాచిపోయి ఊపిరాడదు. ఊళ్ళోవాళ్ళు నమ్మితేనా! "వేరుశనక్కాయ తింటే చచ్చిపోవడమేంటమ్మా, చోద్యం కాకపోతే" అని పకపకా నవ్వారు. గుంటూరు డాక్టరు చీటీ రాసివ్వబట్టి సరిపోయింది గానీ, లేకపోతే రెబ్కాకే పిచ్చెక్కిందనేవాళ్ళు.

బళ్ళో మధ్యాహ్న భోజనం కొత్తగా మొదలైన ఏడాది అది. వండే ఎలీసమ్మ చేత రెబ్కా ఒట్టు వేయించుకుంది, వేరుశనగ పచ్చడి చెయ్యనని, ఆ నూనె ముట్టనని. "ఒక్కదాని కోసం అరవై మంది నోళ్ళు కట్టేస్తారా టీచర్ గారూ?" అని సణుక్కుంది గానీ ఎలీసమ్మ మాట తప్పలేదు. పిల్లలకి రోజూ ప్రార్థన అయ్యాక ఒకటే పాఠం. వేరుశనక్కాయలు తిన్నవాళ్ళు బోరింగు దగ్గర నోరు పుక్కిలించి, చేతులు కడుక్కునే గేటు దాటాలి.

మెహర్ తల్లి ఖుర్షిదా కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోతుంది. డాక్టరు రాసిన సూదిమందు, సిరంజి తెచ్చి రెబ్కా చేతిలో పెట్టింది. "ఇది మీ దగ్గరుంటే నాకు నిద్ర పడుతుంది టీచరమ్మా" అంది. మరి పొడిచేదెవరు? రెబ్కా మండలాఫీసుకెళ్ళి అడిగింది. "మీకెందుకమ్మా ఈ గొడవ? మీరు పొడిచాక పిల్లకేమన్నా అయితే ఉద్యోగం ఊడుద్ది" అన్నాడు ఆఫీసరు, కాయితాల్లోంచి తలెత్తకుండా. ఊళ్ళో సూదులు వేసే బుల్లయ్య మాత్రం, "నేను లేనూ! కబురు చెయ్యండి చాలు" అన్నాడు. అదీ ఏర్పాటు. మందు దూదిలో చుట్టుకుని రెబ్కా హ్యాండ్‌బ్యాగులో ఉండిపోయింది.

ఆ శుక్రవారం ఇంటర్వెల్లో మెహర్ నేస్తం అఖిల ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. "టీచర్! మెహర్‌కి ఊపిరాడట్లేదు!"

పిల్ల పెదాలు వాచిపోయాయి, కళ్ళు మూసుకుపోతున్నాయి, గొంతులో ఈల. "ఏం తిన్నారే?" అని రెబ్కా అరిచింది. "జామకాయేనండి, ఒట్టు, జామకాయే!" అంది అఖిల.

బుల్లయ్య ఇంటికి మనిషిని పంపితే, చిలకలూరిపేట వెళ్ళాడని కబురొచ్చింది. ఖర్మ! రోడ్డు మీద పత్తి కూలీలతో పోతున్న ఆటో ఆపారు. సంగతి చెప్పకముందే ఆడవాళ్ళంతా బిలబిలా దిగిపోయారు. పేట ఏడు కిలోమీటర్లు. రెబ్కా మందు తీసింది. ఎక్కడ పొడవాలి? ఎంత ఎక్కించాలి? తప్పు చోట గుచ్చితే? ధైర్యం చాలక మళ్ళీ బ్యాగులో పెట్టేసింది. "ప్రభువా, ప్రభువా" అనుకుంటూ ఆ పిల్లని గుండెకదుముకుని కూర్చుంది.

ఆస్పత్రిలో నర్సు తమ దగ్గరున్న అదే మందు ఒక్క క్షణంలో తొడలో పొడిచేసింది. కాసేపటికి మెహర్ ఊపిరి దారికొచ్చింది. నర్సు మాత్రం ఊరుకోలేదు. "మందు చేతిలో పెట్టుకుని ఇంతదూరం ఊరికే తీసుకొచ్చారా మేడమ్?" అంది.

మర్నాడు రెబ్కా అఖిలని దగ్గర కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగింది.

"పొద్దున నాయనమ్మతో విత్తనాలకి వేరుశనక్కాయలు ఒలిచానండి. గుప్పెడు పప్పులు గౌను అంచులో మూటకట్టుకుని దారంతా తిన్నా. అన్నీ అయిపోయాకే వచ్చా టీచర్. నోరు పుక్కిలించా, చేతులూ కడుక్కున్నా."

"మరి జామకాయ?"

"నా ఎంగిలి మెహర్‌కి అంటకూడదని గౌను అంచు కప్పి కాకెంగిలి చేసి కొరికిచ్చానండి."

అదే అంచు. ఎవర్ని తిట్టాలి? నోరు కడగమంది, చేతులు కడగమంది. గౌను సంగతి రెబ్కాకే తట్టలేదు. పసిదానికెలా తడుతుంది!

సోమవారం ఖుర్షిదా వచ్చింది. "పేరు కొట్టెయ్యండి టీచరమ్మా. నాతోపాటు తొడిమలు తీసుకుంటూ నా కళ్ళముందుంటుంది."

"తెలివైన పిల్ల ఖుర్షిదా, చదువు మాన్పించకు" అని బతిమాలింది రెబ్కా.

"మీరంటే నాకు నమ్మకమే. ఇంకోసారి ఇట్టా జరగదని ఒక్కమాట చెప్పండి, రేపే పంపిస్తా."

ఏ నోటితో చెబుతుంది? పుస్తకాలు, అంగీలు, గౌన్లు, తువ్వాళ్ళు, అరవై మంది పిల్లలు. ఊరంతా వేరుశనగే. పొడవాల్సినప్పుడు మందు బ్యాగులో దాచిన చేతులు తనవే. ఖుర్షిదా మందు తిరిగి అడిగి తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు గంట కొట్టకముందే అఖిల వచ్చి నిలబడింది. గౌను అంచు నీళ్ళోడుతోంది.

"మూడుసార్లు సబ్బేసి ఉతికానండి టీచర్. నాయనమ్మతో ఇంక ఒలవనని చెప్పేశా. మెహర్‌ని రమ్మనండి."

రెబ్కా ఆ తడి అంచు చేతిలోకి తీసుకుని పిండింది. ఇంకా సబ్బు వాసన వస్తోంది. "వస్తుందాండీ?" అని అఖిల మళ్ళీ అడిగింది.

"జలుబు చేస్తుంది, ఎండలో నిలబడవే" అంది రెబ్కా.